ఒక్క నెల తక్కువైంది

"ఇంకొక్క నెల శిక్ష పెంచుకునే దారేమైనా ఉందాండీ?"

జైలరు కలం ఆపి తలెత్తాడు. ఇరవై ఏళ్లుగా ఈ కుర్చీలో కూర్చుని, తగ్గించమని కాళ్లావేళ్లా పడేవాళ్లనే చూశాడు గానీ పెంచమని బతిమాలేవాణ్ణి చూడటం ఇదే మొదలు.

ఎదురుగా నిలబడ్డ ఖైదీకి బొజ్జ, బట్టతల, వేళ్ల మీద ఉంగరాలు తీసేసిన తెల్లటి మచ్చలు. బావమరిది పేరు మీద చాటుగా వ్యాపారాలు చేసి, చివరికి ఆయన సంతకం కూడా తనే గీకేసినందుకు పొద్దున్నే ఇరవై మూడు నెలలు పడ్డాయి. శిక్ష పడ్డవాళ్లంతా ముందు ఈ పాత జైలుకే వస్తారు. రెండేళ్లూ ఆపైన పడితే ఇక్కడే ఉంచుతారు. రెండేళ్ల లోపైతే ఊరి చివర కొత్త జైలుకు పంపుతారు. కూరగాయలు ఏరినంత తేలికైన పని. మనిషిని చూడక్కర్లేదు, అంకె చూస్తే చాలు.

"అదృష్టవంతుడివయ్యా! మొన్ననే రిబ్బను కత్తిరించారు. ఇంకా రంగు వాసన కూడా పోలేదు. గదికో ఫ్యాను."

ఖైదీ ముఖం పాలిపోయింది. "పైకప్పుకేనాండీ?"

"నేలకు బిగిస్తారా మరి?"

ఖైదీ పక్కనున్న గోడను ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరాడు. "నాకిక్కడే బాగుందండీ. ఇలాంటి గోడలు ఇప్పుడు ఎక్కడున్నాయి?"

"ఇక్కడ ఎలుకలయ్యా బాబూ. నూటయాభై మందికి ఆరు మరుగుదొడ్లు."

"ఉండనీయండి. పాపం, ఎలుకలూ బతకాలిగా."

జైలరుకు అనుమానం వచ్చింది. "అక్కడ నిన్ను చంపుతానన్నవాళ్లెవరైనా ఉన్నారా?"

"మనుషులతో భయం లేదండీ."

"మరి దెయ్యాలా?"

ఖైదీ కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు. మబ్బు కమ్ముకొస్తోంది. "కనీసం వానాకాలం వెళ్లేదాకా ఉంచండి. నా పిల్లల్ని మళ్లీ చూసుకోవాలని ఉందండీ."

"కోర్టులోనే అడగాల్సింది."

"మూడేళ్లు పడాల్సిందండీ. మా లాయరు గొంతు చించుకుని వాదించి తగ్గించాడు. నా కొంప ముంచాడు!"

జైలరు నవ్వాపుకున్నాడు. "నా చేతుల్లో ఏమీ లేదు. మెడ మీద ఇంకో కేసుంటే తప్ప. అప్పుడైతే అది తేలేదాకా ఇక్కడే ఉంచుకోవాలి."

"ఎలాంటి కేసైనా ఫర్వాలేదా?"

"ఏదైనా సరే. కానీ అది రుజువైతే ఇంకో ఐదేళ్లు పడొచ్చు, ఆస్తులూ పోవచ్చు. సరదాగా ఉందా?"

ఖైదీ ముఖానికి పట్టిన చెమట తుడుచుకుని నేల చూశాడు. ఆస్తులనేసరికి ప్రాణం ఉసూరుమన్నట్టుంది.

ఇంతలో వార్డరు తల తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. "వ్యాను సిద్ధం సార్. వాన మొదలైంది, త్వరగా పంపండి."

వార్డరు చెయ్యి పట్టుకున్నాడో లేదో, ఖైదీ కిటికీ ఊచలు వాటేసుకున్నాడు. ఊచలు కదల్లేదు. అది చూసి ఇంకా గట్టిగా వాటేసుకున్నాడు.

"ఆగండి! ఒప్పుకుంటున్నా! ఐదేళ్లు కాదు, పదేళ్లైనా వేయించండి! రాసుకోండి!"

జైలరు తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. "చెప్పు. ఏం చేశావ్?"

"ఆ కొత్త జైలు కట్టింది నేనేనండీ."