ఎడమ సీటు

"ఆగప్పా, ఆగు! ఎనక బండి వచ్చాండాది."

ప్రమోద్ పళ్లు కొరికి రాళ్ల లారీ వెనకే ఉండిపోయాడు. ఎడమ పక్కనుంచి ఓ తెల్ల కారు రయ్యిమని దూసుకుపోయింది.

"ఆ, ఇప్పుడు పోనీ."

ఫుజైరా నుంచి దుబాయ్ వెళ్లే ప్రతి ఆదివారం ఇదే తంతు. ముందు లారీ, పక్కన హయాత్ బాషా.

తప్పు ముసలాయనదీ కాదు, ప్రమోద్‌దీ కాదు. కారుది. దేశం వదిలి వెళ్తున్న ఓ ఇంగ్లీషు దొర దగ్గర మోజుపడి కొన్న పాతకాలపు బండి అది. స్టీరింగు మన ఊళ్లో లాగే కుడి పక్కన. ఇక్కడేమో బండ్లన్నీ రోడ్డుకి కుడి వైపున నడుస్తాయి. ప్రమోద్ లైట్లు మార్పించాడు, అదనంగా ఓ అద్దం పెట్టించాడు. ఎన్ని చేయిస్తేనేం, స్టీరింగు ఎడమకి రాదు కదా! లారీని దాటాలంటే ఎడమ పక్క ఏం వస్తోందో సరిగ్గా కనపడదు. దేవుడా అనుకుని తిప్పాల్సిందే.

మొదట్లో పక్కనున్న ఆ ఎడమ సీట్లో స్వర్ణ కూర్చునేది. మెడ చాచి చూసి, "ఆగు... ఆగు... ఆఁ, ఇగ పో" అంటూ మొగుణ్ని నడిపించేది. ఏడో నెల రాగానే, ఆసుపత్రికి దగ్గరని దుబాయ్‌లో అక్క ఇంటికి చేరింది. వారానికోసారి పెళ్లాం మొహం చూడకపోతే ప్రమోద్‌కి అన్నం సయించదు.

స్వర్ణ వెళ్లిన వారమే, పెట్రోలు బంకు పక్కన టీ కొట్టు దగ్గర ఈ పెద్దాయన చెయ్యెత్తాడు.

"దుబాయ్‌కేనా నాయనా? మా కూతురు ఫైజా ఇంటర్నేషనల్ సిటీలో ఉండాది. నన్నూ ఎక్కించుకో."

స్వర్ణ అక్క ఇల్లూ అక్కడే. కాదనలేకపోయాడు.

ఇక ప్రతి ఆదివారం పొద్దున్నే పెద్దాయన ఆ టీ కొట్టు దగ్గర నిలబడేవాడు. ఇంటర్నేషనల్ సిటీలో ఓ గేటు దగ్గర దిగేవాడు. సాయంత్రం అదే గేటు దగ్గర ఎక్కేవాడు. ఎక్కినవాడు ఊరకే కూర్చుంటాడా? చెప్పులు విడిచి, కిటికీ వైపు ఒరిగి, దారి పొడుగునా ఆగప్పా, పోనీ, ఆగప్పా, పోనీ!

"మా అమ్మ సుత నన్ను ఇంత కట్టడి చెయ్యలే. ముక్కుకు తాడేసిండు ముసలాయన" అని ఫోన్లో మొత్తుకున్నాడు ప్రమోద్.

స్వర్ణ పకపకా నవ్వింది. "మంచిగైంది. నా అసొంటోడు దొరికిండు నీకు."

ఆ ఆదివారం సగం దారిలో ఫోను మోగింది. స్వర్ణ అక్క.

"నొప్పులొస్తున్నయ్. ఆసుపత్రికి తీస్కపోతున్నం. జల్ది రా!"

ప్రమోద్ ఫోను ఒళ్లో పడేశాడు. ముందు లారీ కదలదు. వెనకా ముందూ చూసుకోకుండా ఎడమకి తిప్పబోయాడు.

"ఆగు!"

"ఊకో తాతా! నీదేం పోతది? ఆడ నా పెళ్లాం..."

"నీ పెళ్లాం కోసరమే చెప్తాండా. ఆగప్పా!"

మాట నోట్లో ఉండగానే ఓ పెద్ద వ్యాను వాళ్ల అద్దాన్ని రాసుకున్నంత పని చేసి వెళ్లిపోయింది.

ప్రమోద్ బండిని మళ్లీ లారీ వెనక్కి తెచ్చాడు. ఆ తర్వాత ఆయన పొమ్మంటే పోయాడు, ఆగమంటే ఆగాడు.

దుబాయ్‌లోకి వచ్చేసరికి మళ్లీ ఫోను. ఆడపిల్ల! తల్లీ బిడ్డా క్షేమం.

"అల్లా సల్లగా సూసినాడు" అని ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. "నన్ను గేటు కాడ దింపు నాయనా. నిమ్మళంగా పో."

ఆయన్ని దింపడమే ఆలస్యం, పోయొస్తానని ఒక మాటైనా అనకుండా ఆసుపత్రికి బండి ఉరికించాడు ప్రమోద్.

వారం సెలవు పెట్టాడు. బిడ్డను స్వర్ణ అక్క ఇంటికి తెచ్చుకున్నాక గానీ పెద్దాయన గుర్తుకు రాలేదు. సిగ్గేసింది.

"ముందుగాల పోయి ఆయన నోరు తీపి చెయ్యి" అంది స్వర్ణ. "ఫైజాను సుత తోల్కరా. బిడ్డను సూస్తరు."

ప్రమోద్ మిఠాయి డబ్బా పట్టుకుని ఆ గేటు దగ్గరికి వెళ్లాడు. వాచ్‌మన్ అంజిబాబు మనవాడే, అమలాపురం వైపు.

"అన్నా, హయాత్ బాషా బిడ్డ, ఫైజా ఏ ఇంట్ల ఉంటది?"

"ఫైజానా? ఆ పేరుగలోళ్లు ఈ బిల్డింగులో ఎవరూ లేరండి."

"అదేందన్నా! ప్రతి ఐతారం ఆయన్ని ఈడనే దింపేటోణ్ని గదా."

"దింపేవోరండి. మళ్లీ మీరొచ్చేదాకా ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చునేవోరు. నా అన్నమే ఇద్దరం తినేవోళ్లం. కూతురూ లేదు, కొడుకూ లేడండి ఆయనకి."

ప్రమోద్ మిఠాయి డబ్బా ఆ కుర్చీలో పెట్టాడు. "మరి ఎందుకొచ్చేటోడు?"

"మీకు చెప్పలేదేంటండీ? కుర్రతనంలో కడపలో లారీ క్లీనరంట. క్లీనరు లేకుండా డ్రైవర్ని ఒంటరిగా పంపకూడదనేవోరు. మీ ఆవిడ కడుపుతో కూర్చుని, బంకులోంచి రోడ్డెక్కేటప్పుడు మీకు దారి చెప్పడం చూశారంట. ఆ తర్వాత మీ పక్క సీటు ఖాళీగా కనపడిందంట."

"ఇప్పుడు యాడున్నడన్నా? ఫుజైరాలనేనా?"

అంజిబాబు తల అడ్డంగా ఊపాడు.

"మొన్ననే విమానం ఎక్కేశారండి. ఫుజైరా క్వారీలో పని ఖలాస్ అయ్యి ఎప్పుడో ఊరెళ్లిపోవాల్సిన మనిషి, మీ బిడ్డ భూమ్మీద పడేదాకా కదలనని మేనేజర్ని బతిమాలుకుని ఆగిపోయారండి."