సాక్షి పలకని పేరు

సూర్యావతి పోయాక ఆమె పెట్టెలో రంగూన్ దగ్గరి ఇన్సేన్ జైలు ములాఖత్ చీటీలు దొరికాయి. నెలకొకటి. అన్నింటి మీదా ఖైదీ పేరు ఒక్కటే, పోలయ్య. భర్తనైన నేను ఆ పేరు ఎన్నడూ వినలేదు.

వాడెవడో తెలియాలి. రంగూన్ కోర్టు రికార్డు గదిలో స్టాంపు అంటించి అర్జీ పెట్టాను. గుమాస్తా లింగరాజు 1923 నాటి ఫైలు తెచ్చాడు. అప్పుడు నేను మద్రాసులో బి.ఏ. చదువుతున్నాను, ఆమె ఇక్కడ ఉంది.

రేవులో కూలీల మేస్త్రీని పొడిచిన కేసు. ముద్దాయి పోలయ్య. అతని తరఫున ఒకే ఒక్క సాక్షి, నా భార్య.

"మేస్త్రీ నా చెయ్యి పట్టుకున్నాడు. పోలయ్య విడిపించాడు. ముందు కత్తి తీసింది మేస్త్రీయే, పోలయ్య కాదు."

వేలు పెట్టి లెక్కించాను. ఆమె వాంగ్మూలం మొత్తంలో పోలయ్య పేరు తొమ్మిదిసార్లు ఉంది.

"నా పేరు ఒక్కసారైనా అనలేదు," అన్నాను.

లింగరాజు నవ్వాడు. "ఏటి బాబూ, మనోళ్లలో ఏ ఆడమనిసి మొగుడి పేరు సెప్తాది? ఆ కింద సదవండి."

చదివాను. భర్త పేరు చెప్పమని జడ్జి మూడుసార్లు అడిగాడు. చెప్పకపోతే సాక్ష్యం చెల్లదన్నాడు. ఆమె తల దించుకుని నిలబడింది. పలకలేదు.

సాక్ష్యం కొట్టేశారు. పోలయ్యకు ఏడేళ్లు వేశారు. ఇంకా రెండు మిగిలి ఉన్నాయి.