నల్లబడని ఇత్తడి

"రిక్షా పిలుస్తారా, నన్నే నడిచి పవర్ హౌస్ రైలు స్టేషనుకి పొమ్మంటారా?"

బట్టల సంచీ గుమ్మంలో పెట్టి, నిండు కడుపుతో మొగుడు బలరాం ముందు నిలబడింది లక్ష్మీకుమారి.

"ఇది పురిటి పయనం కాదు. మళ్లీ ఈ గడప తొక్కను. దీపాలెట్టే వేళకల్లా సచ్చిపోయినోడి గదిలో లైటు ఎలిగితే ఎలా ఉంటాననుకున్నారు?"

ఆ గది బలరాం తమ్ముడు సురేశ్‌ది. తొంభై రెండులో కామెర్లతో పోయాడు. ఆనాటి నుంచి గదికి తాళం. తాళంచెవి తల్లి గున్నమ్మ బొడ్లో. పొద్దుగూకితే ఉక్కు కార్ఖానా పక్కనున్న ఖుర్సీపార్‌లో ఆ వీధి వీధంతా ఆ కిటికీకేసి చూడకుండా నడుస్తుంది. పాలు పోసే భయ్యా అయితే సైకిలు దిగి, దండం పెట్టి, మరీ ఎక్కుతాడు.

"దెయ్యమో మనిషో ఆ స్విచ్చే సెప్తాది. సూసాక ఎల్దువుగాని," అన్నాడు బలరాం. కార్ఖానాలో అతని పనే కాలిపోయిన స్విచ్చులు విప్పడం.

గున్నమ్మ తాళం తీసింది. మేకుకున్న సురేశ్ చొక్కా, వాళ్లు అడుగుపెట్టగానే ఒక్కసారి కదిలింది. గాలికే అనుకుందాం.

బలరాం ఫ్యూజు పీకి స్విచ్ మూత విప్పాడు.

"ఇటు సూడు. ఈ ఇత్తడి ముక్కలు విడిపోయినప్పుడల్లా రవ్వ కొడతాది. ఆ రవ్వకి కాలి గుంటలు పడతాయి. వాడకుండా వదిలేస్తే గాలి తగిలి నల్లటి పొర కడతాది. మన ఊరి పొగకైతే మరీను. రోజూ వాడితే ఒకదానికొకటి రాసుకుని ఆ పొర పోతాది."

"అయితే ఏటంటారు?"

"మూసున్న గదిలో ఇది బొగ్గులా ఉండాల. ఉన్నాదా?"

తొంగిచూసింది. తోమిన చెంబులా మెరుస్తోంది. అంచున సన్నటి కొత్త గుంటలు.

"రోజూ ఎవరో నొక్కతన్నారే పిచ్చిదానా! తాళంచెవా, ఒక్కటే."

ఇద్దరూ గున్నమ్మ వైపు తిరిగారు. ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమా, రోజూ ఈ గదిలోకొస్తన్నది నువ్వేనా?"

"నానే నాయినా."

"ఈ స్విచ్ ముట్టుకుంటన్నది?"

"నానే."

లక్ష్మీకుమారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఓలమ్మ! అత్తా, ముందే సెప్తే నీ సొమ్మేటి పోయింది? నా పేణం తీసేసినావు గదా!" అంటూ వెళ్లి సంచీ ముడి విప్పేసింది.

కొడుకు గదిని చీకట్లో ఉంచలేని తల్లి మనసు. దానికి వీధంతా దడుసుకు చస్తోంది. బలరాం ఈలవేస్తూ మూత బిగించాడు.

"ఇన్నాళ్లూ ఎందుకు దాసినావే?"

"కడుపుతో ఉన్న పిల్ల, బెదిరిపోతాదని."

"నువ్వు లైటేసుకుంటే అది బెదరడమేటే?"

గున్నమ్మ కోడలికి వినపడకుండా గొంతు తగ్గించింది.

"నాను ఆర్పుతానంతేరా, ఎలిగించేది నాను కాదు."