గాలిలో మీట

పైలట్లకు శిక్షణ ఇచ్చే ఆ కాక్‌పిట్‌లో మీటలు కనిపించవు. గాలిలో చెయ్యి చాపితే ధ్వని తరంగాలే వేళ్లకు మీటల్లా తగులుతాయి. ఆ శిక్షణలో కలిసి చేరిన అక్కాచెల్లెళ్లలో చెల్లెలికి మొదటి రోజే తగిలాయి. అక్కకు ఒక్కసారీ తగల్లేదు.

మాస్టారు చెల్లెల్ని మెచ్చుకున్నప్పుడల్లా అక్కకు కడుపు మండిపోయేది. చివరికి ఉండబట్టలేక అనేసింది.

"మీటలెక్కడున్నాయో చూపించే మీ తెరను అది దొంగచాటుగా చూసి చేస్తోంది సార్. గాలిలో తగలడానికి ఏముంటుంది, నా మొహం!"

మాస్టారు చెల్లెలి కళ్లకు గంతలు కట్టారు. అయినా ఆమె చెయ్యి తిన్నగా వెళ్లి మీట మీదే ఆగింది.

తర్వాత అక్క వంతు. కళ్లకు గంతలు కట్టాక, మాస్టారు పెన్ను మొనతో ఆమె వేలికొసను గట్టిగా నొక్కారు.

"ఇంకా మొదలుపెట్టరేం సార్?" అంది అక్క.

చెల్లెలు లేచి వచ్చి, ఆ వేళ్లను మెల్లగా తన గుప్పిట్లోకి తీసుకుంది. అక్కకు అదీ తెలియలేదు.