తొంభై ఆరు నిమిషాలు

నాలుగింటికి ప్రకటన పంపాలి. మూడున్నరకి ఒక ముసలాయన తలుపు దగ్గర నిలబడ్డాడు.

చంకలో కాగితం చుట్టిన పొట్లం. పాత రికార్డులు చూస్తున్న అమ్మాయికే ఇవ్వాలంటున్నాడని గేటు దగ్గరి గార్డు ముందే ఫోన్ చేశాడు.

పరిశోధకురాలు తల తిప్పలేదు. వారానికొకరు ఇలాగే సొంత సిద్ధాంతం రాసి పట్టుకొస్తారు.

ఈ నెలాఖరుతో ఆమె ఉద్యోగం గడువు తీరిపోతుంది. ఒక్క ఫలితమైనా చూపించకపోతే పొడిగించలేనని డైరెక్టరు తేల్చి చెప్పారు.

ఆ ఫలితం ఇప్పుడు తెర మీద ఉంది. ఏనాడో మూగబోయిన ఉపగ్రహం మిగిల్చిన రికార్డుల్లో, సెకనుకి నాలుగు వందల సార్లు గిర్రున తిరిగే న్యూట్రాన్ నక్షత్రం. తన చుట్టూ తిరిగే చిన్న నక్షత్రాన్ని కొంచెం కొంచెంగా లాగేసుకుంటోంది. దీని వెనక ఇంకో బృందం కూడా పడిందని పొద్దునే తెలిసింది.

ముసలాయన నాలుగడుగులు లోపలికి వచ్చి తెరవైపు చూశాడు.

“ఆ చిన్నది ఒక చుట్టు తిరగడానికి ఎంతసేపు తల్లీ?”

“తొంభై ఆరు నిమిషాలు.”

ఆయన ముఖంలోకి నవ్వులాంటిదేదో వచ్చి, అక్కడే ఆగిపోయింది.

“ఒక్క రోజు ఆగు. ఇది విప్పి చూశాక పంపు.”

నక్షత్రాలు కూడా తాతగారి అనుమతి తీసుకునే తిరగాలేమోనని పక్క బల్ల దగ్గరి సహోద్యోగి గొణిగాడు.

“నాకు అరగంటే ఉంది తాతగారూ. అక్కడ పెట్టి వెళ్లండి.”

ఆయన పొట్లాన్ని బల్ల అంచున పెట్టాడు. జారుతుందేమోనని కాస్త లోపలికి జరిపి, వెళ్లిపోయాడు.

నాలుగింటికి ఆమె ప్రకటన పంపింది. డైరెక్టరు వచ్చి అభినందించి వెళ్లారు.

అయిదుంబావుకి అవతలి బృందం నుంచి ఒక్క వాక్యం వచ్చింది. మీ చిన్న నక్షత్రం తిరిగే సమయమూ, ఆ ఉపగ్రహం ఒకప్పుడు భూమిని చుట్టిన సమయమూ ఒక్కటేనని గమనించారా?

ఆమె గబగబా పొట్లం విప్పింది. లోపల నోటుబుక్కు. మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలు:

“ఉపగ్రహం కదలిక వల్ల సంకేతాలు అందే సమయంలో వచ్చే తేడాను ఈ రికార్డుల్లో నేను ముందే సరిదిద్దాను. తెలియక మళ్లీ సరిదిద్దితే, తొంభై ఆరు నిమిషాలకోసారి తిరిగే దొంగ జంట నక్షత్రం ఒకటి కనిపిస్తుంది. మోసపోకండి.”

గార్డుకి ఫోన్ చేసింది. ఆయన బస్సెక్కి చాలాసేపయిందట. నంబరు ఇవ్వలేదట.

ఆమె పేజీ చివరికి చూసింది. పాత రికార్డుల్లో ప్రతి పుట కిందా ఏడాదిగా చూస్తూ, ఎవరిదని ఒక్కసారైనా అడగని సంతకమే అక్కడా ఉంది.