నలభై మూడో పేజీ

అచ్చయిన పుస్తకాల కట్టలన్నీ లారీ ఎక్కి వెళ్ళిపోయాక, అక్షరాలు కూర్చే కంపోజిటరు తీరిగ్గా ఒక పుస్తకం తెరిచాడు. నలభై మూడో పేజీ దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. 'మన దేశం' అన్న పేరు కింద పొరుగు దేశం అంకెలున్నాయి. 'పొరుగు దేశం' అన్న పేరు కింద మనవి ఉన్నాయి.

"ఒరేయ్, ఇలా రా," అని బావమరిదిని పిలిచాడు.

ప్రెస్సు బావమరిదిదే. వస్తూనే పేజీ చూసి నవ్వేశాడు.

"మనకి నూటికి తొంభై ఆరుమంది చదువుకున్నవాళ్ళా? పొద్దున్నే ఏం తాగావు బావా?" అన్నాడు. అని, అంతలోనే పాలిపోయాడు. జనాభా, చదువు, సగటు ఆయుష్షు, ఆసుపత్రుల్లో మంచాలు, రైలు మార్గం... పది వరసలూ తారుమారే. కొండలూ నదులూ పక్క పేజీలో ఉండబట్టి అవి మాత్రం ఎక్కడివక్కడ ఉన్నాయి.

"ప్రూఫులో సరిగ్గానే ఉంది కదా?"

"ఉంది. మిషనెక్కించే ముందు ఆ పేర్లు రెండూ ఊడి కింద పడ్డాయి. తీసి నేనే పెట్టాను."

"సీసం అక్షరాల్లో ఎడమ పక్కది కాగితం మీద కుడి పక్కన పడుతుందని నీకు నేను చెప్పాలా?"

కంపోజిటరు స్టూలు మీద కూలబడ్డాడు. అది బడిపిల్లల పుస్తకం. కిందటేడు దేశపటంలో సరిహద్దు గీత గోరంత లోపలికి జరిగిందని పక్కవీధిలో పటాలకి అచ్చు బ్లాకులు చేసే ఆయన్ని జీపులో తీసుకుపోయారు. ఆయన చెప్పులు ఇప్పటికీ ఆ గుమ్మం ముందే పడున్నాయి. వాటిని తీసి లోపల పెట్టడానిక్కూడా ఎవరికీ ధైర్యం చాల్లేదు.

"లారీని వెనక్కి పిలిపించరా," అన్నాడు కంపోజిటరు.

"ఏమని పిలిపించను? తప్పు చేశామని మనమే చాటింపు వేసుకున్నట్టుంటుంది."

"మరి మీ అక్కకేం చెప్పమంటావు?"

బయట జీపు ఆగిన చప్పుడైంది.

కంపోజిటరుకి పై ప్రాణం పైనే పోయింది. బావమరిది అతని భుజం పట్టుకుని లేపి, చెవిలో గబగబా చెప్పాడు. "అడిగితేనే మాట్లాడు. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడావంటే నా మీద ఒట్టే."

పాఠ్యపుస్తకాల తనిఖీ అధికారి లోపలికి వచ్చాడు. చంకలో బరువైన సంచీ. వెంట వచ్చిన ఇద్దరూ గుమ్మానికి చెరోపక్కా నిలబడిపోయారు. అధికారి ఎవర్నీ పలకరించలేదు. బల్ల మీదున్న కొత్త పుస్తకం తీసుకుని, మొదటి పేజీ కూడా చూడకుండా, సూటిగా నలభై మూడో పేజీకి వెళ్ళాడు.

వరస వరసకీ వేలు పెట్టి చదివాడు. ఆ వేలు ఒక్కో వరస దిగుతుంటే కంపోజిటరు మనసులోనే వరసలు లెక్కపెట్టుకున్నాడు.

"ఈ పేజీ ఎవరు కూర్చారు?"

"మా దగ్గర నలుగురున్నారండీ," అన్నాడు బావమరిది చేతులు నలుపుకుంటూ. "ఎవరి చేతికి ఏ పేజీ వస్తే అది కూరుస్తారు. ఫలానా వాళ్ళని చెప్పడం కష్టమండీ."

అధికారి ఇంకోసారి పేజీ అంతా చూశాడు. మెల్లగా అతని మొహం విప్పారింది.

"ఇన్నాళ్ళకి సరిగ్గా వేశారు," అన్నాడు. "పొరుగువాళ్ళకంటే మనం ఎంత ముందున్నామో పిల్లలకి ఇలా తెలియాలి. ఇది చేసినవాడెవడో నిజమైన దేశభక్తుడయ్యా. పేరు చెబితే పైకి రాస్తాను."

కంపోజిటరు గుండెల మీంచి కొండ దిగినట్టయింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళి అన్నం తినొచ్చు. కడుపునిండా తినొచ్చు. బావమరిది కాలు తొక్కుతున్నా అతనికి తెలియలేదు.

"నేనేనండీ," అని ముందుకొచ్చాడు.

"మా బావకి మతిమరుపండీ, ఒకటి చేసి ఇంకోటి చెబుతాడు..."

"నువ్వుండరా. మతిమరుపేమీ లేదండీ. పంతొమ్మిదేళ్ళుగా ఈ పేజీ నేనే కూరుస్తున్నాను. దీని మీద నా చెయ్యి తప్ప మరో చెయ్యి పడలేదు. కావాలంటే రిజిస్టరులో ఏటా నా సంతకం ఉంటుంది, చూడండి."

"అన్నేళ్ళూ నువ్వేనా?"

"అన్నేళ్ళూ నేనేనండీ."

అధికారి తలూపి, సంచిలోంచి పాత పుస్తకాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చాడు. మొత్తం పద్దెనిమిది. అన్నిట్లోనూ నలభై మూడో పేజీ దగ్గర ఎర్ర కాగితం ముక్క పెట్టి ఉంది.

"వీటిల్లో మన దేశాన్ని పొరుగువాళ్ళకంటే తక్కువ చేసి చూపించింది ఎవడో తేల్చుకోవడానికే వచ్చాం," అన్నాడు. "నడు. చెప్పులు అక్కర్లేదు."