ఆఖరి అధ్యాయంలో ద్రోహి

...ద్రోహి ఎవరని మిల్టన్ ఈసారి అడిగితే ఏం చెప్పాలి? నవ్వేసి మాట మార్చొచ్చు. రెండేళ్లుగా మారుస్తూనే ఉన్నాడు. మనిషి మనసు కూడా ఫిల్మ్ రీలు లాంటిదైతే ఎంత బాగుండేది, అనుకున్నాడు హార్లాన్. స్టూడియోలో అక్కర్లేని ముక్కని కత్తిరించి బుట్టలో పడేస్తాడు తను. అది అసలు జరగనే లేదన్నట్టు కథ ముందుకి సాగిపోతుంది. తనలో మాత్రం ఒక ముక్క తెగడం లేదు. ఆ హోటల్ నడవా, మూసిన తలుపు, తలుపు వెనక కమ్యూనిస్టుల్ని ఏరే ప్రభుత్వ కమిటీవాళ్లు, బయట కుర్చీలో చెమటలు పట్టి తను.

"ఏరా, కాఫీ చల్లారిపోతోంది. ఏ లోకంలో ఉన్నావు?" అన్నాడు మిల్టన్.

ఆదివారం పొద్దున. కొండవాలులో మిల్టన్ ఇల్లు. కిటికీ అవతల, ఎడారి మీంచి వచ్చే వేడిగాలికి యూకలిప్టస్ చెట్లు పిచ్చెత్తినట్టు ఊగుతున్నాయి.

మిల్టన్ గ్రేబర్ అంటే ఒకప్పుడు హాలీవుడ్‌లో తెలియనివాడు లేడు. షికాగోలో నేరవార్తల విలేకరిగా మొదలై, చవక పత్రికలకి హత్య కథలు రాసి, ఒక్క నవలతో స్టూడియో గేటు దాటాడు. వానలో తడిసిన వీధులు, గోడల మీద నీడలు, నమ్మినవాణ్ణి నట్టేట ముంచే మనుషులు... ఆ చీకటి సినిమాలు సగం అతని చేతి చలవే. తర్వాత ఎవరో ఆ మూసిన తలుపు వెనక కూర్చుని, మిల్టన్ కమ్యూనిస్టని కమిటీకి చెప్పారు. మర్నాటికల్లా ఏ గేటూ తెరుచుకోలేదు. ఇప్పుడు ఎవరెవరి పేర్లతోనో సినిమాలు రాసిస్తున్నాడు. న్యూయార్క్‌లో ఒక చిన్న ప్రచురణకర్త ధైర్యం చేయబట్టి, సొంత పేరుతో ఈ నవల ఒక్కటి రాసుకుంటున్నాడు.

"నవల అయిపోయినట్టేరా. ఆఖరి అధ్యాయమే మిగిలింది. ద్రోహి దొరికాడు."

హార్లాన్ కప్పు కింద పెట్టాడు.

"నవల్లోనా?"

"నవల్లోనూ, బయటానూ. బెర్నీ."

పొయ్యి దగ్గర గుడ్లు వేయిస్తున్న లోయిస్ చటుక్కున మొగుడి వైపు తిరిగింది.

"మళ్లీ మొదలెట్టావా? ఆదివారం పూటైనా మమ్మల్ని బతకనివ్వవా? ఏదో ఒక పేరు పెట్టి ముగించెయ్యరాదూ!"

"ఏదో ఒక పేరు పెట్టడానికి అదేమన్నా కుక్కపిల్లా?" మిల్టన్ హార్లాన్ వైపు వంగాడు. "ఆలోచించు. నా సినిమాలకి సంగీతం కట్టినవాడు. ఈ ఇంట్లో తిన్నవాడు. నా పేరు బయటపడిన వారానికే పెళ్లాంపిల్లలతో మెక్సికో చెక్కేశాడు. పారిపోయినవాడే దోషి. నా సినిమాలన్నీ అంతేగా?"

"నీ సినిమాల్లో పారిపోయినవాడు ఏనాడూ దోషి కాదు. నాకు చెప్తావా? వాటిని ఎడిట్ చేసింది నేనే."

"అబ్బో, తెలివి!" మిల్టన్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నవల్లో అసలు పేరే పెడుతున్నాను. ఇంటిపేరుతో సహా. వాడి పిల్లలు పెద్దయ్యాక చదువుకుంటారు."

ఎవరి పేరూ చెప్పాల్సిన గతి పట్టకూడదనే బెర్నీ దేశం విడిచిపోయాడు. ఆ సంగతి హార్లాన్‌కి తెలుసు. ఇవాళ కూడా మాట మారిస్తే ఆ పిల్లల నెత్తిన ఈ మచ్చ జన్మంతా ఉండిపోతుంది.

"బెర్నీ కాదు," అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"తెలుసు. అంతే."

"అంతే అంటే కుదరదు. హత్య కథలు రాసి బతికినవాణ్ణి నేను. వాడు కాదని ఇంత గట్టిగా అంటున్నావంటే, ఎవడో నీకు తెలిసుండాలి." మిల్టన్ కళ్లు చిన్నవయ్యాయి. "నిన్నూ ఆ వారమే పిలిచారు. లోపలికి రమ్మనకుండానే ఇంటికి పంపేశారన్నావు. నమ్మాను. నీ ఉద్యోగం నీకుంది. ఎలా ఉందిరా అని ఒక్కనాడూ అడగలేదు."

"మిల్ట్, ఇక చాలు." లోయిస్ పొయ్యి ఆర్పేసింది. పెనంలో గుడ్లు మాడిపోయాయి.

"నువ్వుండు. చెప్పరా, ఎవరు?"

హార్లాన్ స్నేహితుడి మొహంలోకి చూశాడు. పని పోయి, పేరు పోయి, నిద్ర పోయిన మొహం. అయినా తనకింకా ఏదో మిగిలే ఉందని నమ్ముతున్న మొహం. నోరు విప్పడం తను అనుకున్నంత కష్టంగా లేదు.

"నేనే."

మిల్టన్ కుర్చీలోంచి సగం లేచాడు. మొహంలో నెత్తురు లేదు.

"నా పెళ్లికి తోడుపెళ్లికొడుకువై ఉంగరం జేబులో పెట్టుకొచ్చింది నువ్వు కదరా," అన్నాడు, చిన్నపిల్లాడిలా.

హార్లాన్ లేచి నిలబడ్డాడు.

"పో! చచ్చినా నీ మొహం నాకు చూపించకు. ఆఖరి అధ్యాయంలో నీ పేరే పెడతాను."

"పెట్టు. బెర్నీని మాత్రం వదిలెయ్."

టోపీ తీసుకుని బయటికి వచ్చాడు. వేడిగాలి మొహం మీద కొట్టింది. లోపల అప్పుడే టైప్‌రైటర్ చప్పుడు మొదలైంది. ఒక్కో అక్షరాన్నీ కసిగా గుద్దుతున్న చప్పుడు.

కారు తలుపు తీస్తుంటే వెనక పరుగెత్తుకొస్తున్న అడుగులు. చెంప పగలగొట్టినా పడాలనుకుని నిలబడ్డాడు. లోయిస్ చెయ్యెత్తలేదు. ఇంటివైపు ఒకసారి చూసి, అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు హోటల్లో ఆ గది తలుపు తీసుకుని నేను బయటికి రావడం చూశావుగా. మిల్ట్‌కి నా పేరెందుకు చెప్పలేదు, హార్లాన్?"